మోషేని పంపకు, నువ్వు రా

మా డాక్టరు గారు మంగళవారం పొద్దున పోయారు. ప్రభువు నందు నిద్రించారని రాయబోయి ఆగాను. ఆయన గుడికీ వెళ్ళేవారు కాదు, చర్చికీ వచ్చేవారు కాదు. "నిద్రపోతే లేపండయ్యా, పోతే పోయాడని చెప్పండి" అనేవారు. అందుకని పోయారనే రాస్తున్నాను.

సహోదరులారా, మీలో చాలామందికి నా గొంతు తెలుసు. ఏ బైబిలు సెమినరీ గడపా తొక్కకుండా, సొంతంగా చదువుకుని, ఇళ్ళలో కూటాలు పెట్టి బల్ల గుద్ది వాక్యం చెప్పేవాణ్ణి. అదే నోటితో తాగాననీ, తాగి కారు నడిపి లైసెన్సు పోగొట్టుకున్నాననీ కూడా మీకు తెలుసు. కార్ల కంపెనీలు జనాన్ని ఇళ్ళకి పంపించేస్తున్న రోజులవి. చలికాలంలో మంచు మేటలేసే ఈ నోవై ఊళ్ళో కారు లేనివాడు కాళ్ళు లేనివాడే. తాగుడు మానినవాళ్ళూ, మానాలనుకునేవాళ్ళూ కూర్చుని మాట్లాడుకునే మీటింగ్ ఒకటి శనివారం పొద్దున జరిగేది. అక్కడికి నన్ను తన కార్లో తీసుకెళ్ళింది ఈ రిటైర్డ్ డాక్టరు గారే. ఆయన మందు మానేసి అప్పటికే ముప్పై ఏళ్ళు.

ఏడాదిపాటు చుక్క ముట్టలేదు. అయినా ఆ ఏడాది చివర్లోనే నా భార్య, కూతుర్ని తీసుకుని వేరే రాష్ట్రంలో, అరోరాలో ఉన్న వాళ్ళన్నయ్య ఇంటికి వెళ్ళిపోయింది. "సీసా మానేశారు గానీ నోరు మానలేదు. తాగి తిట్టినప్పుడు తాగాడులే అనుకునేదాన్ని. ఇప్పుడేమనుకోను?" అంది. దానికి కూడా నేను గ్రంథం తెరిచి, భార్య లోబడాలని చూపించాను.

ఆ శనివారం కార్లో డాక్టరు గారు, "ఇక నీ క్యారెక్టర్‌లో లోపాలు చూసుకోవాలయ్యా" అన్నారు.

నాకు ఒళ్ళు మండింది. మనవాళ్ళలో క్యారెక్టర్ మంచిది కాదంటే ఒకటే అర్థం కదా! "తాగాను, ఒప్పుకుంటాను. పరాయి ఆడదాని వంక కన్నెత్తి చూడలేదు. నా క్యారెక్టర్‌కి ఏమైంది సార్?" అని గట్టిగా అరిచాను.

ఆయన కారు పక్కకి తీసి ఆపి, దగ్గొచ్చేదాకా నవ్వారు. "అది కాదయ్యా బాబూ! ఇదిగో, ఇప్పుడు అరిచావే, అదీ లోపం."

లిస్టు రాయమన్నారు. రెండు పేజీలు రాశాను. కళ్ళజోడు పెట్టుకుని చదివి, "మీ ఆవిడవి ఏడున్నాయి, మీ బాస్‌వి నాలుగు, పాస్టరు గారివి మూడు. నీవెక్కడ?" అన్నారు.

ప్రవక్త మోషేకీ కోపం వచ్చిందని నేను వాక్యం ఎత్తుకున్నాను.

"నిన్ను పిలిస్తే మోషేని పంపిస్తావేంటయ్యా? ఆయన్ని రానీకు. నువ్వు రా."

కాగితం వెనక్కి తిప్పి, పైన నా పేరు రాసుకున్నాను.

ఆయనేం మహాత్ముడు కాదు. షుగర్ ఉండీ కారు అరలో మైసూర్‌పాక్ దాచుకునేవారు. ఫ్రిస్కోలో పెద్ద ఇల్లు కొన్న తోడల్లుడి మాటెత్తితే మొహం మాడ్చుకునేవారు. "ఈ అసూయని ఎన్నేళ్ళుగానో బయటికి పంపిస్తున్నాను, గరాజ్‌లోంచి లోపలికొచ్చేస్తోంది. పొద్దున్నే మళ్ళీ పంపించాలి" అనేవారు. కారు అద్దం మీద మంచు మొత్తం గీకితే గానీ బండి కదిలించేవారు కాదు. ఒకప్పుడు నేను చిన్న కంత చేసుకుని అందులోంచి చూస్తూ నడిపేవాణ్ణని చెబితే, "తెలుస్తూనే ఉంది" అన్నారు.

ఒక ఆదివారం మధ్యాహ్నం వాళ్ళ వంటగదిలో కూర్చోబెట్టి అరోరాకి ఫోన్ చేయమన్నారు. గ్రంథాన్ని నా చేతిలోంచి మెల్లగా తీసి ఫ్రిజ్ మీద పెట్టారు. "ఎక్కడికీ పోదులే."

"నేను భయంతో అరుస్తాను. నా మాటకి విలువ లేదేమోనని భయం. నిన్ను నోరెత్తనీయకుండా ప్రతిసారీ వాక్యం అడ్డం పెట్టాను. తప్పు నాదే" అన్నాను ఫోన్లో.

"ఇంకా?" అంది నా భార్య. బైబిలు వచనం ఇంకా రాలేదేమని ఆమె అనుమానం.

"ఇంకేం లేదు" అన్నాను.

ఆమె ఫోన్ పెట్టేయలేదు.

వేసవి సెలవుల్లో తల్లీకూతుళ్ళిద్దరూ తిరిగొచ్చారు. నేను మారిపోయానని సాక్ష్యం చెప్పను. దేవదూతతో పెనుగులాడిన యాకోబు ఆ తర్వాత కుంటుతూనే నడిచాడు. కోపం రోజూ వస్తుంది, రోజూ పంపించాలి. అలిసిపోయాను, సహోదరులారా. ఆ అలసట ఆయనకి ఫోన్ చేసి చెప్పేవాణ్ణి. "ఊఁ, నేనూను" అనేవారు. ఆ ఒక్క ముక్క చాలేది. ఇప్పుడు ఎవరంటారు?

నిన్న అంత్యక్రియలకి బయల్దేరేసరికి అద్దం మీద మంచు రాయిలా గడ్డకట్టింది. అప్పటికే ఆలస్యం. నా భార్య కారు తాళాలు ఎక్కడో పెట్టి, ఇల్లంతా వెతికి తెచ్చింది. మాట నాలుక చివరిదాకా వచ్చింది. చలిగాలి ఒక గుక్క మింగి నోరు మూసుకున్నాను.

లైసెన్సు తిరిగొచ్చిన రోజున ఆయనిచ్చిన మంచు గీకే స్క్రేపర్ తీసి గీకడం మొదలుపెట్టాను. లోపల కూర్చున్న ఆమె ఆవిరి పట్టిన అద్దాన్ని అరచేత్తో తుడుస్తోంది. బయట నేను గీకుతున్న చోటికే లోపల ఆమె చెయ్యి వచ్చింది. మంచు పలచబడేకొద్దీ ముందు చేతి గాజులు కనిపించాయి, తర్వాత ఆమె మొహం.