సంఘం అన్న మాట

మణుగూరు పక్క అడవి పల్లెలో మా బౌద్ధ సంఘాన్ని మొదలుపెట్టింది ఒక నర్సమ్మ. మేమంతా ఆమెను అక్కా అనేవాళ్ళం. భయమేస్తే చేతులు రెండూ కొంగులో దాచుకునేది, వణుకు ఎవరికీ కనపడకూడదని. రెండువేల సంవత్సరం తర్వాతి ఆ రోజుల్లో అడవిలో సంఘం అన్న మాట వింటే చాలు, పోలీసులు అన్నల సంఘమే, అంటే నక్సలైట్లదే అనుకునేవాళ్ళు.

ఒక ఆదివారం పొద్దున 'బౌద్ధ సంఘం' అని బోర్డు రాసిపెట్టుకున్న మా రేకుల షెడ్డులో బుద్ధవందనం చెప్పుకుంటుంటే పోలీసు జీపు వచ్చి ఆగింది. తుపాకులతో లోపలికొచ్చారు.

"ఏ సంఘంరా మీది?" అన్నాడు ముందున్న అధికారి.

గుమ్మం దగ్గరున్న కోయ ముసలాయన్ని రెక్క పట్టి లేపారు. అప్పుడు అక్క నిలబడింది. చేతులు కొంగులోనే ఉన్నాయి.

"బుద్ధుని సంఘం సార్. పెట్టింది నేను. ఏందన్న అడగాల్నంటె నన్నడగుండ్రి. పెద్దాయన్ని ఇడిసిపెట్టుండ్రి."

ముసలాయన్ని వదిలేసి ఆమెను జీపెక్కించారు. మేము షెడ్డులోనే బిక్కుబిక్కుమంటూ కూర్చున్నాం. పొద్దు వాలేటప్పటికి ఒక్కతే నడిచి వచ్చింది.

"బోర్డు మీద సంఘం అన్న మాట చెరిపేద్దామా అక్కా?" అన్నాను.

"నాకూ భయమైతాంది. గాని చెరిపితె తప్పు జేసినమని మనమే ఒప్పుకున్నట్టు గాదా?" అంది.

మరుసటి ఆదివారం షెడ్డుకు మేమిద్దరమే వచ్చాం. తలుపులు బార్లా తెరిచి, బుద్ధవందనం మొత్తం బయటికి వినపడేలా నాతో చెప్పించింది.