టేబుల్ కిందికి ఎక్కిన కంప్యూటర్

జూలై, రెండో ఆదివారం. చర్చి నుంచి వచ్చి భోజనాలు ముగించాక. స్థలం: కరీంనగర్‌లో మా ఇంటి వెనక గది. హాజరైనవారు: నేను, నా భార్య, ఆదిలాబాద్ నుంచి వచ్చిన మా బిడ్డ, అల్లుడు.

వాళ్లు వచ్చింది నన్ను చూడడానికి కాదు, నా కంప్యూటర్‌ను తీసుకుపోవడానికి. అంతకు ముందు వారం, టేబుల్ కింద నేల మీదున్న సీపీయూ బటన్ నొక్కబోయి వంగినప్పుడు నాకు కళ్లు తిరిగాయి. టేబుల్ కాలికి నుదురు కొట్టుకుంది. డాక్టరు వంగవద్దన్నాడు. ఆ మాట నా భార్య ఫోన్‌లో చెప్పింది, బిడ్డ తీర్పు ఇచ్చేసింది.

"గా డబ్బా మేం పట్టుకపోతం బాపూ. నీకేం రాయాల్నో ఫోన్‌ల రాసుకో."

ఫోన్‌లో నా వేలు ఒక అక్షరానికి మూడు అక్షరాలు నొక్కుతుంది. బొగ్గు బావిలో చేరిన నాటి నుంచి రాసిన డైరీలన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కిస్తున్నాను. సగం కూడా కాలేదు. వాటిని ఎవరు చదువుతారని మా బిడ్డ అంటుంది. చదవకపోతే పోనీ. రాయడం నా పని, చదవడం వాళ్ల పని. వాళ్లు తమ పని చేయరని నా పని నేనెందుకు మానాలి?

"డాక్టరు వంగద్దన్నడు, రాయద్దనలే. కింద ఉంటేనే గదా వంగుడు? పైకి లేపుత," అన్నాను.

"ఎట్ల లేపుతవ్?"

టేబుల్ అడుగుభాగానికి వేలాడదీయాలని ముందే అనుకున్నాను. వెల్డింగ్ షాపులో రెండు ఇనుప పట్టీలను సీపీయూ కొలతకు వంపు చేయించి, తెచ్చి బీరువా పక్కన పెట్టుకున్నాను. వాటిని చూసి బిడ్డ తల్లి వైపు తిరిగింది.

"అవ్వా, నీకు ఎరుకనా గిది?"

"నాకేం ఎరుక? కూరగాయలకు పోయిండనుకున్న."

చివరికి ఒక షరతు మీద ఒప్పందం కుదిరింది. పొద్దున వాళ్లు బయలుదేరేలోగా నేను వంగకుండా కంప్యూటర్ ఆన్ చేసి చూపించాలి. పెట్టె ఏమాత్రం జారినా అది వాళ్ల కారెక్కుతుంది.

నేనూ అల్లుడూ టేబుల్‌ను మంచం మీద తిరగేశాం. అల్లుడు పత్తి జిన్నింగ్ మిల్లులో పనిచేస్తాడు, యంత్రాలు తెలిసినవాడు. చిన్న స్క్రూలు చాలన్నాడు. నేను కర్ర తీసుకొని చెక్క మీద అక్కడక్కడా కొట్టి విన్నాను.

"ఏంది మామా, కొబ్బరికాయ బేరం జేస్తున్నవా?" అని నవ్వాడు.

బావిలో నేను సర్దారుగా చేశాను. కార్మికులు లోపల అడుగు పెట్టకముందే కర్రతో పైకప్పు కొట్టి చూడడం సర్దారు పని. గట్టి కప్పు గణగణమంటుంది. లోపల విడిపోయిన కప్పు డొల్లగా పలుకుతుంది. అలాంటి చోట కప్పును పట్టి ఉంచే బోల్టులు పడేదాకా ఎవరినీ పోనిచ్చేవాణ్ణి కాదు. మా టేబుల్ డొల్లగా పలికింది. పైన నున్నటి తొడుగు, లోపల అదిమిన రంపపు పొట్టు.

"స్క్రూలు నిలువయి. ఆర్‌పార్ బోల్టులు పెట్టాలె," అన్నాను.

అల్లుడు డ్రిల్లుతో చెక్కకు ఇటు నుంచి అటు దాకా రంధ్రాలు చేశాడు. గొడవ ఆ తరవాతే. బోల్టు తల పైన, నట్టు కింద ఉండాలి, అప్పుడే రాసే చోటు నున్నగా ఉంటుందని అతని వాదన. నేను ఒప్పుకోలేదు. బావిలో నట్టు ఎప్పుడూ మనిషి కంటికి ఆనాలి, చేతికి అందాలి. నట్టు టేబుల్ కింద ఉంటే దాన్ని చూడడానికి మళ్లీ వంగాల్సింది నేనే. అందుకని నట్లు పైకి పెట్టించాను. పట్టీలతో పాటే నేను తెచ్చిన బోల్టులు పొడుగువి. టేబుల్ మీద నాలుగు కొనలు వేలెడెత్తున లేచి నిలబడ్డాయి.

"అద్దం లెక్క తుడుసుకున్న టేబుల్‌ను ముండ్లకంచె జేస్తిరి. చేతులు చీరుకపోవా?" అంది నా భార్య.

"గా కంచె కాడ కూసునేది నేనొక్కన్నే."

"జర ఆగు బాపూ, కొనలు కోయిస్తం," అంది బిడ్డ.

"ముట్టకు. కోస్తే బోల్టు మర చెడుతది, నట్టు తిరగది."

టేబుల్‌ను లేపి నిలబెట్టి, సీపీయూను పట్టీల్లోకి జరిపాం. అల్లుడు కుర్చీ లాక్కోబోతే ఆపాను. బోల్టులు వేయించినవాడే ముందుగా వాటి కింద కూర్చోవాలి, అది మా బావి ఆచారం. కూర్చున్నాను. ఎడమ మోకాలు పెట్టెకు తగిలింది. కుర్చీ కొంచెం కుడికి జరుపుకున్నాను. మోకాలి సంగతి ఎవరికీ చెప్పలేదు.

మర్నాడు పొద్దున అందరికంటే ముందు లేచి, నట్లు తాకి చూశాను. ఒకటి వేళ్లకే తిరిగింది. నిలబడే పానాతో బిగించాను. కాసేపటికి బిడ్డ వచ్చి, నడుం మీద చెయ్యి పెట్టుకొని నిలబడింది.

"ఊఁ, పెట్టు."

వెన్ను వంచకుండా మోకాలి పక్కకు చెయ్యి పోనిచ్చి నొక్కాను. దీపం వెలిగింది.

"ఆపి, మల్ల పెట్టు."

మళ్లీ పెట్టాను. ఆమె తనే కింద కూర్చొని పెట్టెను రెండు చేతులతో పట్టి గుంజింది. టేబుల్ కదిలింది గానీ పెట్టె కదల్లేదు.

"సరే, ఉండనీ. కని ఇంకోసారి కండ్లు తిరిగినయంటే మాత్రం..."

"నీకే ఫోన్ జేస్త బిడ్డా."

"నువ్వు జెయ్యవ్. అవ్వ జేస్తది."

అల్లుడు కారు తీశాడు. గేటు దాకా వెళ్లి సాగనంపాను. కంప్యూటర్ మాత్రం ఆపలేదు.