పైపు మీద కప్పిన మట్టి

ఆ తోటలో మట్టి కింద నీళ్ల పైపు ఉందని మా మేనమామకు నేను చెప్పలేదు. దాని మీద మట్టి కప్పిన చేతుల్లో నావీ ఉన్నాయి. మిగతా సంగతులన్నీ ఆయనకు చెప్పాను. చెప్పినవన్నీ నిజాలే. అందుకే చెప్పని ఆ ఒక్కటీ ఇన్నేళ్లు ఎవరి కంటా పడలేదు.

డిగ్రీ అయిపోయి, వరంగల్ కొత్తవాడలో ఒక గది అద్దెకు తీసుకొని, ఉద్యోగం కోసం తిరుగుతున్న కాలమది. పక్కింట్లో జంపఖానాలు నేసేవాళ్లు. పొద్దున్నే మొదలయ్యే మగ్గం చప్పుడు వింటూ పనిలేకుండా పడుకోవడానికి సిగ్గేసేది. అప్పుడే ఒక ప్రైవేటు కంపెనీ ఆ ఊళ్లో ఆఫీసు తెరిచింది. అడవి ఆముదం గింజల నుంచి నూనె తీసి, శుద్ధి చేసి, విమానాలకు ఇంధనంగా అమ్ముతామన్నారు. ఊళ్లు తిరిగి రైతుల చేత ఆ మొక్కలు వేయించే పని నాకు దొరికింది.

అడవి ఆముదం మాకు కొత్తది కాదు. చేను గట్ల మీద కంచెగా పెరిగే పొద. మేకలు ముట్టవు. తెలియక పిల్లలు గింజలు నమిలితే వాంతులు చేసుకొని దవాఖానకు పోవలసిందే. అలాంటి పొదతో విమానం ఎగురుతుందంటే ముందు నాకే నవ్వొచ్చింది.

ఆ నవ్వు పోగొట్టింది మాకు శిక్షణ ఇచ్చిన పెద్దసారు. ఆయన చెప్పినదాన్ని ఇప్పటికీ తప్పు అనను. విమానాలు నడిపేవాళ్లకు ఉండే ఖర్చుల్లో చమురుది చాలా పెద్ద భాగం. ఆ చమురు ధర వాళ్ల చేతుల్లో ఉండదు. ఎక్కడో రెండు దేశాలు కొట్లాడుకుంటే ఇక్కడ ధర లేస్తుంది. టికెట్ పెంచితే జనం ఎక్కరు, పెంచకపోతే కంపెనీ మునుగుతుంది. మునిగినవాటి గురించి మనమంతా పేపర్లో చదివినవాళ్లమే. ఇక పొగ సంగతి. రైలుకు పైన తీగ కట్టి కరెంటు ఇవ్వొచ్చు. ఆకాశంలో తీగ ఎవరు కడతారు? దూరాలు పోయే విమానానికి సరిపడా బ్యాటరీలు పెడితే ఆ బరువుకే అది నేల వదలదు. దానికి తేలికగా ఉండి గట్టిగా మండే ద్రవమే కావాలి. భూమిలోంచి తోడిన చమురు కాలిస్తే, ఏ యుగంలోనో పూడిపోయిన కర్బనం బొగ్గుపులుసు వాయువై కొత్తగా గాలిలో చేరుతుంది. మొక్క నూనె అయితే, పెరిగేటప్పుడు మొక్క గాలిలోంచి తీసుకున్నదే మళ్లీ గాలికి పోతుంది. పండించడానికీ మోయడానికీ కొంత పొగ తప్పదు. అయినా సరిగ్గా చేస్తే మొత్తం మీద తగ్గుతుంది.

ఇవన్నీ నేను నమ్మాను. ఇప్పుడూ నమ్ముతున్నాను. నా తప్పు ఆ నమ్మకంలో లేదు.

మొదటి మీటింగుకు తొర్రూరు దగ్గరి మా మామ ఊరినే ఎంచుకున్నాను. తెలిసినవాళ్లుంటే పని తేలికవుతుందనుకున్నాను. మామకు ఆ ఊళ్లో ఒక మర్యాద ఉండేది. ఆయన చెయ్యి మంచిదని పేరు. మిరుగం, అంటే మృగశిర కార్తె, వానలు పడి దుక్కులు తడవగానే చాలామంది ఆయన్ను తమ చేనుకు పిలుచుకుపోయేవారు. మొదటి గింజ ఆయన వేయాలి. ఆ తరువాతే మిగతావాళ్లు సాళ్లలోకి దిగేవారు. దానికి కూలి అంటూ ఏమీ లేదు. ఒక కొబ్బరి ముక్క, ఒక కప్పు చాయ్. ఆ రోజుల్లో మామ తెల్లగా ఉతికిన రుమాలు తలకు చుట్టుకొని, ఎవరు పిలుస్తారా అని పొద్దున్నే అరుగు మీద తయారుగా కూర్చునేవాడు. ఆయన సంపాదించుకున్నది ఏదైనా ఉందంటే అదే.

బడి వరండాలో జనం చేరారు. నేను చెప్పింది విని ఒక పెద్దాయన లేచాడు. అందరూ ఆయన్ను కాకా అని పిలుస్తారు. ఏ మీటింగయినా నవ్వించనిదే వదలడు.

"గాలిమోటర్లకు మన కంచె చెట్ల నూనెనా?" అన్నాడు. మా వైపు పెద్దవాళ్లకు విమానమంటే గాలిమోటరే.

"అవ్ కాకా."

"మేకలు ముట్టని చెట్టును నమ్ముకోని మనుషులను మీదికి ఎక్కిస్తరన్నట్టు!"

వరండా అంతా గొల్లుమంది. మామ కూడా నవ్వి, "ఎడ్లబండి దిగనోనికి గాలిమోటరు ముచ్చట ఎందుకే? పోరడు చదువుకున్నోడు, జర చెప్పనియ్యి," అన్నాడు. తరువాత నావైపు తిరిగాడు. "అల్లుడా, నీళ్ల సంగతేంది? మా చెలకలల్ల బోర్లు లెవ్వు."

"కంచె మీది చెట్టుకు ఎవ్వలన్న నీళ్లు పోస్తరా మామా?" అన్నాను.

అదీ నిజమే. ఆ పొద బతకడానికి నీళ్లు అక్కర్లేదు. కాయడానికి కావాలి. ఆ తేడా అప్పటికి నాకు తెలియదు.

తెలిసింది తరువాత, రైతులను బస్సులో తెచ్చి కంపెనీ తోట చూపించిన రోజున. తోట వరంగల్ బయట ఉండేది. బస్సు రాకముందే సూపర్‌వైజర్ మమ్మల్ని పిలిచి, సాళ్ల వెంట పరిచిన సన్నటి నల్ల పైపుల మీద మట్టి కప్పమన్నాడు. పైన ఎండుటాకులు చల్లమన్నాడు. "పైపులు కనపడితే రైతులు లేనిపోని అనుమానాలు పడతరు. మన చెట్టు చూడాలె వాళ్లు," అన్నాడు. నేనూ ఒక పార అందుకున్నాను. జీతం వచ్చి కొత్తవాడ గది అద్దె కట్టుకోవడం అప్పుడప్పుడే మొదలైంది. ఎందుకు సార్ అని అడగలేదు.

పొదలు గుత్తులు గుత్తులుగా కాసి ఉన్నాయి. రైతులు వాటిని తడిమి చూస్తూ తిరుగుతున్నారు. మామ మాత్రం ఒక పొద పక్కన గొంతుకూర్చొని, చిటికెడు మట్టి తీసి వేళ్ల మధ్య నలిపాడు. అది ఆయన అలవాటు. ఏ చేనుకు పోయినా ముందు మట్టినే పలకరించేవాడు.

"అల్లుడా, ఈడ రాత్రి జల్లు వడ్డట్టున్నది. మనకాడ చుక్క రాలె," అన్నాడు.

ఆయన చేతికి అర జానెడు దూరంలో పైపు ఉంది. సూపర్‌వైజర్ నా పక్కనే నిలబడి ఉన్నాడు. 'జల్లు కాదు మామా, కింద పైపున్నది' అంటే సరిపోయేది. నేను అన్నది వేరు. "బస్సుకు టైమైతాంది మామా, చాయ్ తాగుదాం పా," అన్నాను.

ఆయన చేతులు దులుపుకొని నా వెనక వచ్చాడు.

ఆ యేడు మామ తన వానాధారపు చెలకలో కందీ పెసరా మానుకొని అడవి ఆముదం వేశాడు. ఆయన్ను చూసి మరికొందరు వేశారు. వేసిన ప్రతివాళ్లూ మొదటి మొక్క ఆయన చేతితోనే నాటించుకున్నారు. మొక్కలు ఎండిపోయినా బాగుండేది, పీకి పారేసేవాళ్లు. అవి చావలేదు. పచ్చగా, గుబురుగా, చూడముచ్చటగా పెరిగాయి. కాయలు మాత్రం అక్కడొకటి, ఇక్కడొకటి. వచ్చే యేడు కాస్తాయేమోనని ఆశ. ఆ వచ్చే యేడూ అంతే. ఏటా కంది పండించిన ఇంట్లో మా అత్తమ్మ దుకాణంలో కందిపప్పు కొనుక్కుంది. నేను పోయినప్పుడు పళ్లెంలో అన్నం పెడుతూ, "ఆకు మస్తుగున్నది అల్లుడా. కూర వండుదమా అంటే మేకలు గూడ నవ్వవట్టె," అంది. తల ఎత్తకుండా తిన్నాను.

కొన్నాళ్లకు కంపెనీ ఆఫీసుకు తాళం పడింది. అక్కడ ఇప్పుడు మొబైల్ దుకాణం ఉంది. నేను ఒక ప్రైవేటు కాలేజీలో కెమిస్ట్రీ చెప్పుకోవడానికి పోయాను. ఊళ్లో మిగిలింది మామ.

ఆకాశంలో విమానం కనపడితే చాలు, చాయ్ హోటల్ దగ్గర ఎవరో ఒకరు, "అగో, నీ నూనెతోటే పోతాంది!" అనేవారట. మొదట్లో మామ రుమాలు ఊపి, "మెల్లగ పోనియ్యి బిడ్డా, ఎన్క మా అల్లుడు గూసున్నడు," అని వాళ్లతో పాటు నవ్వేవాడట. తరువాత విమానం చప్పుడైనా తల ఎత్తడం మానేశాడట.

దానికంటే పెద్ద దెబ్బ మిరుగంలో తగిలింది. వానలు పడ్డాయి, దుక్కులు తడిశాయి. మామ రుమాలు చుట్టుకొని అరుగు మీద కూర్చున్నాడు. ఎవరూ పిలవలేదు. కొట్లాట లేదు, మాటా లేదు. ఎవరి చేన్లో వాళ్లు గింజలు వేసుకున్నారు. ఆయన నాటిన ప్రతి చేనూ బోసిపోయింది కదా, చెయ్యి చెడిందనుకున్నారు. ఎండ అరుగెక్కేదాకా కూర్చొని లోపలికి పోయాడని అత్తమ్మ చెప్పింది. అప్పటినుంచి తన చేన్లో కూడా మొదటి గింజ అత్తమ్మ చేతే వేయించేవాడు.

చాలా యేళ్లకు హన్మకొండలో నేను ఇల్లు మొదలుపెట్టినప్పుడు పునాదికి ముగ్గు పోయడానికి మామను పిలిచాను. మేనమామ కదా, మొదటి గడ్డపార ఆయన వేయాలన్నాను. ఆయన రెండడుగులు వెనక్కి వేశాడు.

"వద్దురా. నా చెయ్యి మంచిగ లేదు. నీ ఇల్లు సల్లగుండాలె."

"అవన్నీ నమ్ముతరా మామా?"

"నేను నమ్ముడేంది, చూసిన గదరా. ఆ తోటల చెట్లు ఎట్ల కాసినయ్! అదే చెట్టు, అదే మట్టి. నా చెయ్యి పడ్డకాడనే ఒట్టిపోయె."

అప్పుడైనా చెప్పవలసింది. ఆయనే నాకు దారి చూపినట్టు, ఆ తోట పేరు ఎత్తాడు కూడా. చుట్టూ చుట్టాలున్నారు, అయ్యగారు ముహూర్తం దాటిపోతోందంటున్నాడు, నా భార్య పిలుస్తోంది. ఇప్పుడు రాస్తుంటే తెలుస్తోంది, ఇవేవీ కారణాలు కావు. ఆయన తన చేతిని అనుమానించినంత కాలం నన్ను అనుమానించడు. నాకు అది చాలు అనిపించింది. గడ్డపార నేనే వేసుకున్నాను.

ఇప్పుడు నేను మళ్లీ అలాంటి పనిలోనే ఉన్నాను. కాలేజీ మూతపడ్డాక ఒక చిన్న సంస్థలో చేరాను. పత్తి ఏరడం అయిపోయాక చేన్లలో మిగిలే కట్టెను కొని, మిషన్లో ముక్కలు చేసి పంపుతాం. మా వైపు రైతులు ఆ కట్టెను చాలావరకు చేన్లోనే కాల్చేస్తారు. మాఘం, ఫాల్గుణాల్లో ఏ దారిన పోయినా ఆ పొగ కళ్లలో పడుతుంది. అలాంటి వ్యర్థం నుంచి విమాన ఇంధనం తీయవచ్చు. అది అన్నం పండే నేలను అడగదు, కందిచేనును దున్నెయ్యమనదు. ప్రస్తుతానికి మామూలు చమురు కంటే ఖరీదు ఎక్కువే. అయినా విమానాలవాళ్లకు వేరే దారి తక్కువ.

ఈ యేడు నన్ను తొర్రూరు వైపు పంపారు. చూడవలసిన ఊళ్లలో మామ ఊరు కూడా ఉంది.

పంచాయతీ ఆఫీసు ముందు టెంటు కింద మీటింగ్ పెట్టారు. మా మేనేజరు నా పక్కన కూర్చున్నాడు. మామ చివరి వరుసలో, రుమాలు ఒళ్లో పెట్టుకొని కూర్చున్నాడు. బాగా వంగిపోయాడు. నేను ఈసారి తెలిసిందంతా చెప్పాను. "ఈ కట్టె ఇప్పటికైతే ఫ్యాక్టరీల బాయిలర్లల్లకే పోతది. దీనితోని విమానాలు ఎప్పుడు ఎగుర్తయో నాకు తెల్వదు. ఎగురుతయన్న ఆశతోని పంట మార్చకుండ్రి. కాలవెట్టే కట్టెనే అడుగుతాన," అన్నాను.

కాకా ఇంకా ఉన్నాడు. పళ్లు పోయాయి, నోరు పోలేదు.

"మల్ల గాలిమోటరేనా! అయితే కట్టె మిషిన్ల ఏసేటప్పుడు మీ మామను జర దూరం గూసోవెట్టు. ఆయన చెయ్యి తగిలిందంటే ఎండు కట్టె గూడ మండది!"

అందరూ నవ్వారు. మామ కూడా నవ్వాడు. నవ్వుతూనే కుడి చేతిని మెల్లగా రుమాలు కిందికి జరుపుకున్నాడు. ఎవరూ గమనించలేదు. నేను చూశాను.

"ఆ తోటల పైపులుండె," అన్నాను.

ఎవరికీ అర్థం కాలేదు. మళ్లీ చెప్పాను. కంపెనీ తోటలో చెట్లకు నీళ్లు కట్టేవారని, పైపులు కనపడకుండా మట్టి కప్పించారని, కప్పినవాళ్లలో నేనూ ఉన్నానని చెప్పాను. నీళ్లు లేని చెలకల్లో అది ఎవరు నాటినా కాసేది కాదని చెప్పాను. మేనేజరు నా చొక్కా అంచు పట్టి లాగాడు.

కాకా నవ్వు ఆగిపోయింది. "మరి గప్పుడెందుకు చెప్పకపోతివిరా?"

"నౌకరి పోతదని కాకా. తర్వాత తర్వాత మొఖం లేక."

మామ నావైపు చూడలేదు. తన చేతిని చూసుకుంటున్నాడు. "జల్లు వడ్డదనుకున్న," అన్నాడు. "నీతోని అన్న గూడ."

"అన్నవు మామా. నేను విన్న. విని ఊకున్న."

"గా రోజు ముగ్గు పోసినప్పుడు గూడ తెల్సా నీకు?"

"తెల్సు."

ఆయన కళ్లు మూసుకున్నాడు. ఆయన్ను పిలవకుండా పోయిన మిరుగాలు ఎన్నో నేను లెక్క కట్టలేను. వాటిని తిరిగి ఇవ్వడం ఎవరి చేతా కాదు. వరుసల మధ్య నుంచి నడిచిపోయి ఆయన ముందు కింద కూర్చున్నాను. రుమాలు కింద ఉన్న చేతిని బయటికి తీసి రెండు చేతులతో పట్టుకున్నాను. ఆయన విడిపించుకోలేదు. నా వేళ్లను పట్టుకోనూ లేదు.

"నీ చెయ్యికి ఏం కాలె మామా. ఎన్నడు గాలె. తప్పు నాది. ఇన్నేండ్లు నిన్ను గట్లనే అనుకోనిచ్చిన. నన్ను మాఫ్ జెయ్యి."