మెనూ దాటని నిపుణుడు

గేమ్ కన్సోళ్లు బాగుచేసే మెకానిక్‌కి వీధివాళ్లు పెట్టిన పేరు జడ్జి. గౌరవం కొద్దీ పెట్టారని అతను చాలా ఏళ్లు నమ్మాడు. "ఏ కంపెనీది కొంటే మంచిదంటారు?" అని ఎవరైనా నోరుజారి అడిగితే చాలు, స్క్రూడ్రైవర్ పక్కన పెట్టి ముప్పావుగంట తీర్పు చదివేవాడు. అడిగినవాడు కొనే ఆలోచనే మానుకుని ఇంటికి పోయేవాడు.

అతని లెక్కలో కన్సోళ్లు చేసే కంపెనీలు ముగ్గురల్లుళ్లు. పెద్దల్లుడు బలశాలి. ఆటలు గొప్పవి, తెర మీద బొమ్మ చూడముచ్చటగా ఉంటుంది. కాని ఒళ్లంతా వేడి, కూర్చోడానికి సగం బల్ల కావాలి, ఫ్యాన్‌లో కాస్త దుమ్ము పడితే ఇల్లు ఎగిరిపోయేలా రొద. నడిపల్లుడు నెమ్మదస్తుడు. నెలనెలా చందా కడితే వందల ఆటలు తెచ్చి ముందు పోస్తాడు, కాని సొంతవని చెప్పుకోదగ్గవి తక్కువ, ఇంటర్నెట్ పోతే మొహం వేలాడేస్తాడు. ఇక చిన్నల్లుడిది పాత చిప్, బక్క ఒళ్లు, బొమ్మ అంతంత మాత్రం. "అది కన్సోల్ కాదండీ, ఆటబొమ్మ" అని జడ్జి ఒక్క మాటతో కొట్టిపారేసేవాడు.

ఇంత చెప్పే మనిషి జన్మలో ఒక్క ఆట కూడా ఆడలేదన్నది అతనికొక్కడికే తెలుసు. రిపేరు అయ్యాక ప్లగ్గు పెడతాడు, తెర మీద మెనూ వస్తుంది, బాగైందని మూత బిగించేస్తాడు. ఇరవై రెండేళ్లుగా గుమ్మం దాకా వెళ్లి తిరిగొస్తున్నాడు. గిన్నెలు తోమి వంట రుచి చెప్పే బాపతు తనదని లోలోపల ఒప్పుకునేవాడు, పైకి మాత్రం అనేవాడు కాదు.

షాపు పై అంతస్తులో అతని అక్క కుట్టుగది. ఆమె దర్జీ. అమ్మ పోయాక అతన్ని పెంచింది ఆమే కాబట్టి జడ్జికి పైకోర్టు కూడా ఆమే. ఆ ఏడు ఆమె మెట్ల మీద జారి కుడి మణికట్టు విరగ్గొట్టుకుంది. కట్టు విప్పేసరికి ఎముక అతికింది గాని బొటనవేలు వంగనని మొరాయించింది. ఆస్పత్రిలో చెప్పిన కసరత్తులు నొప్పి అని ఆమె మానేసింది.

ఫిజియోథెరపిస్ట్ అమ్మాయి అతన్ని పక్కకు పిలిచింది. "ఇంకో నెలలో వేలు కదలకపోతే అలాగే బిగుసుకుపోతుందండీ. ఇక కత్తెర పట్టుకోలేరు. ఏదైనా వీడియో గేమ్ ఆడించి చూడండి. మనసు ఆట మీదుంటే వేలు దానంతటదే తిరుగుతుంది."

జడ్జికి భయం వేసింది. ఆ వెంటనే కాస్త సంతోషం కూడా వేసింది. తనకు తెలుసని తాను అనుకునే ఒకే ఒక్క విషయం అడిగారు మరి. అక్క చెయ్యి అలా ఉంటే సంతోషమేమిటని అతనికే సిగ్గేసింది.

అక్కకి తక్కువది పట్టుకెళ్లడమేమిటని పెద్దల్లుణ్ణే మోసుకెళ్లాడు. ప్రాసెసర్ గొప్పతనం అరగంట చెప్పాడు. ఈలోగా అప్‌డేట్ మొదలైంది.

"ఇది ఎప్పటికవుతుందిరా?"

"నలభై శాతం అయిందక్కా."

"నాకు నూరు శాతం విసుగొచ్చింది."

చివరికి తెర మీద కత్తి పట్టిన వీరుడొకడు అడవిలోకి దిగాడు. వాణ్ణి నడపడానికి పదకొండు మీటలు నొక్కాలి. అక్క రెండోది వెతికేలోగా వాడు పోయాడు. "వీడికంటే నేనే నయం, మెట్ల మీంచి పడినా బతికాను" అని ఆమె రిమోట్ పక్కన పెట్టేసింది.

మరుసటి వారం నడిపల్లుడు పైకెక్కాడు. ఆటల జాబితాని ఆమె ఎడమచేత్తోనే గంటసేపు తిప్పి చూసి, ఏదీ నచ్చలేదంది. రెండు వారాలు గడిచిపోయాయి, వేలు మాత్రం కర్రలా అలాగే ఉంది. జడ్జికి అన్నం సయించడం మానేసింది.

"మూడోది తేలేదా?" అని అడిగింది ఫిజియోథెరపిస్ట్.

"అది ఆటబొమ్మండీ."

"ఆమెకు కావలసింది ఆటే కదండీ."

జడ్జి షాపు అలమరాలో మూలపడి ఉన్న చిన్నల్లుణ్ణి దులిపి తీసుకెళ్లాడు. ప్లగ్గు పెట్టాడు. మెనూ వచ్చింది. చేతులు అక్కడే ఆగిపోయాయి.

"ఊఁ, తరవాత?" అంది అక్క.

"తరవాత నాకూ తెలీదక్కా."

"మరి ఇన్నాళ్లూ జనానికి ఏం చెప్పావురా?"

"లోపల ఏముంటుందో చెప్పాను."

అక్క పడిపడి నవ్వింది. మెట్ల మీంచి పడ్డాక ఆమె నవ్వడం అదే మొదటిసారి. ఇద్దరూ చెరో రిమోట్ పట్టుకుని కిందా మీదా పడి కార్ల పందెం ఒకటి తెరిచారు. జెండా ఊపగానే జడ్జి కారు వెనక్కి పరిగెత్తి చెరువులో పడింది. రెండోసారి గడ్డివాములో దూరింది. "ఎడమకి తిప్పరా, అది కుడి" అంటూ అక్క ముందుకు వంగింది. రిమోట్ ఎప్పుడు రెండు చేతుల్లోకి తీసుకుందో ఆమెకే తెలీదు. అతని కారుని దాటేసే హడావుడిలో కుడి బొటనవేలు వంగి మీట మీద గట్టిగా బిగిసింది.

జడ్జి చూశాడు. మీట ఎంత మెత్తగా దిగుతుందో, బలం లేని చిప్ బలమున్నవాళ్లని ఎలా ఓడించిందో, తీర్పు మొత్తం గొంతు దాకా వచ్చింది. నోరు తెరిచాడు. ఇప్పుడు చెబితే ఆమె చెయ్యి చూసుకుంటుంది, చూసుకుంటే నొప్పి గుర్తొస్తుంది, గుర్తొస్తే తీసేస్తుంది. తెరిచిన నోరు మూసుకున్నాడు. ఆ సందులో అతని కారు గోడకి గుద్దుకుంది.

అక్క కోసం కావాలనే ఓడానని వీధిలో చెప్పుకోవాలని అతనికి ఎంతో ఉండేది. కాని అది నిజం కాదు. పళ్లు బిగించి, చెమటలు కక్కుతూ, ప్రాణం పెట్టి ఆడి ఏడు పందేలూ ఓడాడు. ఆ ఏడింటిలోనూ అక్క వేలు వంగుతూనే ఉంది.

"రేపు షాపు తెరిచేముందు ఓసారి పైకి రారా, నీకు నేర్పుతాను" అంది అక్క.

అతను తలూపి, ప్లగ్గు తీయకుండానే మెట్లు దిగాడు.