రేడియో ముల్లు

ఎనభైల మొదట్లో వర్జీనియాలో మా తెలుగు చర్చికి సొంత భవనం లేదు. అమెరికన్ల చర్చి బేస్‌మెంట్ అద్దెకు తీసుకుని ఆదివారం మధ్యాహ్నాలు కూడేవాళ్లం. అక్కడ పిల్లల సండే స్కూలు నాది. ఇక్కడ పుట్టిన పిల్లలకు కుటుంబ ప్రార్థన అలవాటు కాదేమోనని పెద్దవాళ్లందరికీ బెంగ. అందుకని నేనొక చార్టు కట్టాను. వారంలో ఎవరింట్లో ప్రార్థన జరిగింది, ఎవరు ఎగ్గొట్టారు, పిల్లలే లేచి చెప్పాలి. నిజం చెప్పినవాళ్లకు బంగారు రంగు స్టార్. మా ఎనిమిదేళ్ల అమ్మాయే క్లాస్ లీడర్. చిన్నప్పుడు మా బడిలో మాట్లాడినవాళ్ల పేర్లు బోర్డు మీద రాసిన లీడర్‌ని నేనే మరి, ఆ బుద్ధి ఎక్కడికి పోతుంది?

ఆ గొప్పంతా ఆఫీసులో లంచ్ దగ్గర పక్క సీటావిడకు చెప్పుకున్నాను. ఆవిడ తూర్పు యూరప్‌లో ఒక నియంత ఏలుబడిలో పెరిగి, పారిపోయి వచ్చిన మనిషి. తింటున్న సాండ్‌విచ్ పక్కన పెట్టేసింది.

"మాకూ స్టార్లు ఇచ్చేవాళ్లు," అంది.

ఆమె బడిలో ప్రతి పిల్లా బాలసంఘంలో చేరాల్సిందే. మెడకు రుమాలు, శనివారం కవాతు, నాయకుడి మీద పాటలు. ఒకరోజు టీచరమ్మ ఇంట్లో ఉన్న రేడియో బొమ్మ గీసి తెమ్మంది. ముల్లు ఏ అంకె మీద ఉంటే అక్కడే గీయాలంది. ఈవిడకు తొమ్మిదేళ్లు, బొమ్మలంటే ప్రాణం. తండ్రి చాటుగా వినే విదేశీ స్టేషన్ దగ్గర ముల్లు పొందికగా గీసింది. ఫస్ట్ వచ్చింది. చొక్కాకి స్టార్ గుచ్చి అందరిచేతా చప్పట్లు కొట్టించారు. ఆ వారంలోనే తండ్రిని పట్టుకుపోయారు.

"తిరిగొచ్చారా?" అని అడిగాను.

"రెండేళ్లకి. నేనున్న గదిలో మాత్రం మళ్లీ నోరు విప్పలేదు."

పసిదాని పెన్సిల్‌తో కన్నతండ్రిని పట్టించిన ఆ టీచరమ్మది ఎంత నీచపు బతుకో అని సాయంత్రం ఇంటికెళ్లే దారి పొడుగునా తిట్టుకుంటూ డ్రైవ్ చేశాను. నా చార్టు మాత్రం గుర్తుకు రాలేదు. మాది దేవుడి పని కదా.

ఆదివారం మా అమ్మాయి లేచి నిలబడింది.

"మా డాడీ ప్రేయర్‌కి రాలేదు. ఫుట్‌బాల్ చూశాడు."

వెనక కుర్చీల్లో పెద్దవాళ్లు నవ్వారు. మా ఆయన తల దించుకున్నారు. అది మాత్రం స్టార్ కోసం నా వైపు చెయ్యి చాపింది. ఇంటిగుట్టు లంకకు చేటని మా అమ్మ వెయ్యిసార్లు చెప్పి ఉంటుంది. ఆ గుట్టు విప్పడం నా బిడ్డకు నేనే నేర్పాను, బంగారు కాగితం ఆశపెట్టి. నా మీద నాకే రోత పుట్టింది.

చార్టు పీకి చించేశాను. మా అమ్మాయి బావురుమంది.

"నిజమే చెప్పాను కదా, మమ్మీ?"

ఇంటికెళ్లాక ఆయనకు క్షమాపణ చెప్పుకున్నాను. చిన్నపిల్ల, దానికేం తెలుసు, పోనివ్వమన్నారు. నేనూ నమ్మాను.

నెల తర్వాత ఒక సాయంత్రం ఆయన టీవీలో వార్తలు చూస్తున్నారు, ఉత్త వాతావరణం వార్తలు. మెట్ల మీద అమ్మాయి అడుగులు వినబడగానే గబుక్కున లేచి ఆపేశారు.