అయిదో ఫౌల్ కోసం ప్రార్థన

సహోదరులారా, ఇంకొకరి బిడ్డ బయటికి పోవాలని మీరెప్పుడైనా మోకరించి అడిగారా? ఈ మధ్యాహ్నం మీ పాస్టరునైన నన్ను అలా అడగమన్నారు.

మన రాజపాళయం బ్యాండేజీ మిల్లులో పనిచేసే రూతమ్మక్క కూతురు ఇండియా బాస్కెట్‌బాల్ టీమ్‌తో విదేశంలో ఉంది. మూడు ఆటలు అయిపోయాయి, పిల్ల బెంచీ మీద నుంచి లేవలేదు. ఈ రోజుది చివరి ఆట.

"టీమ్ గెలవాలని ప్రార్థిస్తానక్కా," అన్నాను.

"అది ఊరంతా చేస్తాది అయ్యా. దాని జాగాలో ఆడే పాపకు అయిదు ఫౌల్ పడాల. పడితే ఆ పాప బయటికి పోవాల్సిందే, నా బిడ్డ లోపలికి పోతాది. అది అడగండి."

"ఆ పాపకూ అమ్మ ఉంటాది కదక్కా!"

"ఉండనీ. ఆయమ్మ మూడు ఆటల్లోనూ బిడ్డని చూసేసినాది. నేను?"

ఇంటికొచ్చి గ్రంథం తెరిచాను. పొరుగువారిని ప్రేమించమన్న చోట వేలు ఆగింది. ఇక్కడ పొరుగు ఎవరు? రూతమ్మక్కా, ఆ మొహం తెలియని తల్లా? ఆ పాప బయటికి పోయాక ఇండియా ఓడిపోతే?

ఆట ఆరున్నరకు. జవాబు తెలిస్తే ఇప్పుడే ఈ పోస్టు కింద రాయండి. తెలియకపోతే, రూతమ్మక్క ఒక్కతే ఆట చూడ్డానికి ఫోన్ ముందు కూర్చుని ఉంది. లేచి ఈ క్షణమే ఆమె ఇంటికి రండి.