పసుపు తాగిన మెట్లు

మా సాజిదన్నను నేను తిట్టినన్ని తిట్లు ఆయన పెండ్లాం ఫజిలత్ వదిన కూడ తిట్టి ఉండదు. ఎన్ని తిట్టినా ఇంకో మేస్త్రి దగ్గరికి మాత్రం పోలే. పోవాలన్నా ఎవరున్నరు? అందరు టైల్సు, గ్రానైటు అంటున్న ఈ రోజుల్ల పాత టేకు తలుపులకు, మేడమెట్లకు, చెక్క నేలలకు మళ్ల మెరుపు తెచ్చేటోడు కొత్తగూడెం చుట్టుముట్టు ఆయనొక్కడే మిగిలిండు. నా పేరు రోజారాణి. అరిగిపోయిన పాత పాలిష్‌ను గరుకు కాగితంతో రుద్ది తీసుడు నా పని. నేను రుద్దినంక ఆయన గుడ్డముద్ద పట్టుకొని లక్క పాలిష్ పడతడు.

మనిషికి గొప్పలెక్కువ. "మా అబ్బా చేసిన మెట్ల మీద చీమ ఎక్కితే జారి పడేది చెల్లె!" అంటడు. అబ్బా అంటే వాళ్ల నాయిన.

"చీమ సంగతి పక్కన పెట్టన్నా, ముసలోళ్లు జారితే నడుము ఎవరు కడతరు?" అంటే, "నీకు పనితనం తెల్వది, మూస్కొని రుద్దు" అంటడు. గట్ల మాకు పొద్దు పోతది.

ఒక్క మాట మాత్రం ఒప్పుకోవాలె. ఏ హిందువుల ఇంటికి పోయినా ఆయన నోట్లకెళ్లి వచ్చే మొదటి మాట, "అమ్మా, ఈడ పసుపు రాస్తరా?" అనే. పాత పాలిష్ జల్దీ ఊడాలంటే చాకలి సోడా నీళ్లతో కడుగుతరు. కానీ పసుపు తాగిన కర్రకు సోడా తగిలిందా, నెత్తురు లెక్క ఎర్రగైతది. దిష్టి తీసేటప్పుడు పసుపునీళ్లల్ల సున్నం కలిపితే ఎర్రగైతయి సూడు, గదే సంగతి. అందుకే పసుపున్న చోట ఒట్టిగ రుద్దుడే, ఎంత కష్టమైనా సరే. వాళ్ల అబ్బా నేర్పిన ముచ్చట అది.

పోయిన వానకాలం సంది ఆయన మోకాళ్లు చెడిపోయినయి. ఎవరికీ చెప్పడు. మెట్టు మెట్టుకు ఆగి, కర్రను పరీక్ష చేస్తున్నట్టు వేలితో కొట్టి, చెవి పెట్టి వింటడు. ఏం వింటడు, నా బొంద! నొప్పి తగ్గేదాక నిలబడతడు, గంతే. మేస్త్రి పని అయిపోయిందని నలుగురు అంటే ఇంక పిలిచేటోడు ఉండడని ఆయన భయం.

జూలూరుపాడు దాటినంక ఒక ఊర్ల చిన్నక్కమ్మ ఇంట్ల మేడమెట్ల పని దొరికింది. కొడుకు చిరంజీవి పెండ్లి దగ్గర పడ్డది, కొత్తకోడలు ఆ మెట్లెక్కే మీది దేవుని అర్రకు పోవాలె. పాతకాలం టేకు. నడిచి నడిచి నడిమధ్యల పాలిష్ మొత్తం పోయి, కర్ర బోసిగ కనబడుతుంది. మేం వస్తున్నమని చిన్నక్కమ్మ ముందురోజే మెట్లన్ని శుభ్రంగ కడిగిపిచ్చింది. ప్రతి శుక్రవారం ప్రతి మెట్టును గడప లెక్క పసుపుతోని అలుకుతదని మాకేం తెలుసు? అడిగితే తెలుస్తది. ఆ దినం మోకాళ్ల నొప్పి ధ్యాసల సాజిదన్న అడగలే.

ఆ ఇంటి పక్కనే బతుకమ్మ అని ఒక ముసలామె ఉంటది. ఒక్కతే. సాజిదన్న చిన్నగున్నప్పుడు వాళ్ల అబ్బా వెంట ఆ ఊరికి పనికొచ్చేటోడట, అప్పటి సంది ఆమెకు ఆయన ఎరుక. మేం ఆ ఊర్ల ఎవరింట్ల పని చేసినా చాయ పట్టుకొని వస్తది. ఊర్ల మాత్రం ఆమె చూపు మంచిది కాదని గుసగుసలు. ఎవరిదో బర్రె సస్తే ఆమె పేరే, ఎవరి పోరికో జరమొస్తే ఆమె పేరే. "ఆ అమ్మ చేతి చాయ తాగి నేను గింత లావైన, నాకేం కాలేదుగా!" అని సాజిదన్న నవ్వేటోడు.

ఆ దినం గరుకు కాగితాలు అయిపోతే నేను జూలూరుపాడు పోయిన. వచ్చేసరికి ఇంటి ముందు జనం.

జనాన్ని తోసుకొని లోపటికి పోయిన. మీదికెళ్లి కింది దాక ప్రతి మెట్టూ ఎర్రగ. ఎర్రటి నీళ్లు కారి కింద గచ్చు మీద ఎండినయి. మెట్ల దగ్గర చాయ గిలాస పగిలి పడ్డది. చిరంజీవి బతుకమ్మ రెక్క పట్టుకొని గుంజుతుండు.

"పెండ్లి ఇంట్ల నెత్తురు చల్లినవా ముసలీ? ఎవరు పంపిన్రు నిన్ను?"

"నేను చాయ తెచ్చిన బిడ్డా. ఎవరూ కనబడకపోతే మెట్ల దిక్కు చూసిన, గంతే."

"బాణామతి చేసేదాని పండ్లు రాలగొట్టాలె" అని గుంపులకెళ్లి ఎవడో అన్నడు. ఇంకొకడు రాయి కోసం వంగిండు కూడ. చిన్నక్కమ్మ తల బాదుకుంట ఏడుస్తుంది. ఈ దిక్కు మంత్రగత్తె అన్నంక నిజంగనే పండ్లు రాలగొట్టిన ఊర్లున్నయి, ఉత్త మాటలు కావు.

సాజిదన్న గోడకు ఆనుకొని నిలబడ్డడు. ఆయన వేళ్లు చూసిన. సోడా నీళ్లల్ల నానితే వేళ్లు తెల్లగ ముడతలు పడతయి. పడ్డయి. నాకు మొత్తం సమజైంది. మోకాళ్ల నొప్పికి రుద్దుడు తప్పించుకుందామని, నేను లేనప్పుడు బకెట్టెడు సోడా కలిపి మెట్లన్ని కడిగిండు. తడిమీద కర్ర నల్లగ కనబడ్డది, ఎరుపు తెల్వలే. నీళ్లు కిందికి కారకముందే, ఆరనీ అని పెరట్లకు పోయి కాళ్లు చాపుకొని కూసున్నడు. అరుపులు విని వచ్చి చూసేసరికి గిట్లైంది.

"అన్నా, సోడా పోసినవా?" అని చెవుల అడిగిన.

ఆయన నా దిక్కు చూడలే. "ఆగు చెల్లె. ఇప్పుడు చెప్తే నా మీద పడతరు. పసుపు సంగతి కూడ తెల్వని మేస్త్రి అంటరు."

నా ఒళ్లు మండింది. "ఆమె పండ్లు రాలగొట్టినంక చెప్తవా? సిగ్గుండాలె! నువ్ చెప్తవా, నేను చెప్పాల్నా?"

అప్పుడు కదిలిండు. జనాన్ని జరుపుకుంట పోయి చిరంజీవి చెయ్యి పట్టుకున్నడు. "ఆమెను విడువు బాబూ. అది నెత్తురు కాదు. నేను సోడా పోసిన. తప్పు నాది." ఎవరూ నమ్మలే. ఇంట్లకెళ్లి నిమ్మకాయ తెమ్మన్నడు. అందరి ముందు ఒక మెట్టు మీద పిండిండు. ఎరుపు పోయి పసుపు తేలింది.

చిన్నక్కమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నది. "ఓయమ్మో, నా శుక్రవారం పసుపేనా?" అని, ఏడ్చే మనిషి నవ్వింది. జనం కూడ నవ్విన్రు. "ఏం మేస్త్రివయ్యా, ముసలోడివైనవ్!" అని ఒకరు, "మా పానాలు తీసినవ్ గదా!" అని ఒకరు. చిరంజీవి అయితే సాజిదన్న భుజం తట్టి, "పోనీ, పని పూర్తి చెయ్యి, పెండ్లి దగ్గరుంది" అన్నడు. బతుకమ్మ రెక్క విడిచిండు గని, ఆమె దిక్కు చూసిన మనిషి లేడు. ఒక్కలన్న తప్పైంది అనలే. ముసలామె కొంగు సర్దుకొని, పగిలిన గిలాస ముక్కలు ఏరుకొని, తన ఇంటికి పోయింది.

సాజిదన్న ఆ నవ్వుల నడుమ నిలబడలేకపోయిండు. ముఖం నల్లబడ్డది. గొప్పలు చెప్పే నోరు, ఆనాడు ఒక్క మాటకు అంత సేపు తెరుసుకోలే. నాకైతే ఆయన పక్కన నిలబడనీకే సిగ్గైంది.

బతుకమ్మ ఇంటికి నన్ను తోడు రమ్మన్నడు. ఆమె పొయ్యి ముందు కూసొని మళ్ల చాయ పెడుతుంది. రెక్క మీద వేళ్ల గుర్తులు కమిలినయి. సాజిదన్న గుమ్మం దాటలే, బయటనే నిలబడి, "అమ్మా, మాఫ్ చెయ్యి" అన్నడు.

"ఎందుకు బిడ్డా మాఫ్?" అన్నది ఆమె, చాయ గిలాసలల్ల పోసుకుంట. "వాళ్లు నా రెక్క పట్టి గుంజినప్పుడు ముందుగాల పానం పోయినట్టే అయింది. గంతల్నే గోడ కాడ నువ్ కనబడ్డవ్. మన సాజిద్ ఉన్నడు, ఇంక నాకేం కాదు అని అప్పటిసంది భయపడలే."

చాయ చల్లారిపోయింది. ఆయన ముట్టలే, నేనూ ముట్టలే.